బందరా? బాపట్లా?

పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు నలుగురు ఒకచోట చేరితే మొదట వచ్చే ప్రస్తావన మోకాళ్ళ నొప్పులు, రెండవది పింఛను, మూడవది "ఇక ఎక్కడ ఉండబోతున్నారు?" అన్న ప్రశ్న. మొదటి రెండింటికి ఎవరి దగ్గరా సరియైన సమాధానం ఉండదు. మూడవదానికి మాత్రం అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది. పిల్లల దగ్గర ఉండమని కొందరు, సొంత ఊరికి పొమ్మని కొందరు. ఉన్న ఒక్క అమ్మాయి చెన్నైలో రెండు గదుల ఇంట్లో సంసారం చేస్తూ, సొంత ఊరిలో వాటాలు పంచుకొన్న తరువాత మట్టిగోడ ఒకటి మాత్రమే మిగిలిన మాబోటివారికి ఈ రెండు సలహాలూ ఉపకరించవు. విజయవాడలో అద్దె ఏటేటా పెరుగుతున్నది. పింఛనుకు అంత తొందర లేదు.

కనుక మూడవ మార్గం ఆలోచించవలసి వచ్చింది. సముద్రానికి దగ్గరగా, గాలి ఆడే చోట, పింఛనులో మూడవ వంతుకు మించని అద్దెకు రెండు గదులు, ఒక వరండా, నా పుస్తకాలకు ఒక గోడ దొరికే ఊరు. విశాఖ మాట ఎత్తనక్కరలేదు. భీమిలి ఒకప్పుడు మావంటి వారికి అందుబాటులో ఉండేదట, ఇప్పుడు విశాఖకు పొరుగు కావడమే దాని ధర. కాకినాడ నగరమైపోయింది. నరసాపురం, చీరాల కొంతకాలం ఆలోచనలో నిలిచి తప్పుకొన్నవి. చివరకు రెండు ఊళ్ళు మిగిలినవి. ఒకటి మచిలీపట్నం, మనం నోరారా పిలిచే బందరు. రెండవది బాపట్ల.

ఈ రెండింటికీ పోలికలు చాలా ఉన్నవి. రెండూ కృష్ణా డెల్టా అంచున ఉన్నవే. కృష్ణానది వీటి మధ్యనే సముద్రంలో కలుస్తుంది. రెండింటినీ కలుపుతూ 216వ నంబరు జాతీయ రహదారి చల్లపల్లి, మోపిదేవి, రేపల్లెల మీదుగా పోతుంది, దూరం వంద కిలోమీటర్ల లోపే. బందరు పాత కృష్ణా జిల్లాకు మొదటి నుండి ముఖ్యపట్టణం. బాపట్ల 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కొత్త జిల్లాకు ముఖ్యపట్టణమైంది. 2011 జనగణన ప్రకారం బందరు జనాభా దాదాపు 1.7 లక్షలు, బాపట్లది 70 వేల పైచిలుకు. రెండింటిలోనూ విజయవాడ అద్దెలో సగానికి తక్కువగా మనసుకు నచ్చిన ఇల్లు మాకు కనబడింది.

చౌక అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఒక ఊరిలో ఇళ్ళు చౌకగా దొరుకుతున్నవంటే అక్కడ పుట్టిన పిల్లలు చదువుకొని వెళ్ళిపోయారని అర్థం. మేడమీద వాటా ఖాళీగా ఉండటానికి కారణం ఇంటివారి అబ్బాయి అమెరికాలోనో బెంగుళూరులోనో ఉండటమే. అద్దె తక్కువ గనుక మనం ఆ వాటాలో దిగుతాము, మన పిల్లలు ఇంకొక చోట ఎవరి మేడమీదో ఎక్కువ అద్దెకు దిగుతారు. కనుక చౌక ఊరికి పోవడమంటే పెద్దవాళ్ళ ఊరికి పోవడమే. ఇది నింద కాదు. అయితే ఆ ఊరిలో మనకు రేపు అవసరపడే చేతులు ఎవరివి అన్నది ఇల్లు చూసేటప్పుడే చూచుకోవాలి. అద్దె కాగితం మీద ఆ లెక్క ఉండదు.

ఇక సముద్రం. ఈ రెండు ఊళ్ళలో దేనిలోనూ ఇంటి కిటికీ తెరిస్తే సముద్రం కనబడదు. బందరు నుండి మంగినపూడి తీరం పది కిలోమీటర్ల పైమాట, బాపట్ల నుండి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్ల వరకు ఉంటుంది. మంగినపూడిది నల్లని ఒండ్రు కలిసిన నేల, లోతు నెమ్మదిగా పెరుగుతుంది. సూర్యలంకది మెత్తని ఇసుక, వెనుక సరుగుడు తోటలు. అందుకే సెలవు దినాలలో హైదరాబాదు, గుంటూరుల నుండి వచ్చే జనంతో ఆ తీరం కిటకిటలాడుతుంది. చూడటానికి సూర్యలంక అందమైనదే. కాని మొదటి నెలలో నాలుగుసార్లు వెళ్ళిన మనిషి, ఆ పైన బంధువులు వచ్చినప్పుడే వెళతాడు. ఆటో మాట్లాడుకొని పోయి చూడవలసిన సముద్రం కోసం ఊరిని ఎంచుకోవడం, ఏటికి ఒకసారి ఎక్కే రథం కోసం ఇల్లు వదలి దేవాలయంలో కాపురం పెట్టడం వంటిది. సముద్రపు గాలి మాత్రం రెండు చోట్లకూ వస్తుంది, వేసవి సాయంత్రాలలో దాని సుఖం అనుభవించినవారికే తెలుస్తుంది. ఆ విషయంలో ఇద్దరూ సమానులే.

అటువంటప్పుడు దేనిని బట్టి నిర్ణయించాలి? తెలుగు పండితుడిని గనుక నా చేతికి ముందు అందేది సుమతీ శతకం. ఏ ఊరిలో ఉండవచ్చునో, ఏ ఊరిలో అడుగు పెట్టరాదో చెప్పే పద్యం అందులో ఉన్నది. మనలో అక్షరాభ్యాసమైన ప్రతివారికీ అది కంఠస్థమే, ఇక్కడ మళ్ళీ వ్రాయనక్కరలేదు. బద్దెన రచనగా ప్రసిద్ధమైన ఆ శతకం అవసరానికి అప్పు పుట్టడం, వైద్యం అందడం, ఎండిపోని ఏరు ఉండటం, ద్విజుడు ఉండటం అని నాలుగు పరీక్షలు పెట్టింది. ఇళ్ళ దళారులు చెప్పే ఏ పరీక్ష కంటెను ఇవి గట్టివి. ఈ నాలుగింటినీ ఈ రెండు ఊళ్ళకు పెట్టి చూచాను.

మొదటిది అప్పు. పింఛను మీద బ్రతికేవారికి కావలసినది అప్పిచ్చేవాడు కాదు, అప్పు అవసరం లేని అద్దె. నెలకు ఒకసారి బ్యాంకు, ఏటికి ఒకసారి బ్రతికి ఉన్నామని ఇచ్చే ధ్రువపత్రం. రెండు ఊళ్ళలోనూ ఈ పనులు జరుగుతవి. బందరు విషయంలో ఒక మాట అనకుండా ఉండలేను. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించినది ఆ ఊరిలోనే. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పుట్టిన ఊరు మిగిలింది, పేరు మిగలలేదు.

రెండవది వైద్యం. ఇక్కడ బందరుదే పైచేయి, అందులో సందేహం లేదు. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. దానికి అనుబంధమైన సర్వజన ఆసుపత్రి ఉన్నది. బాపట్లలో ప్రాంతీయ ఆసుపత్రి, కొందరు మంచి ప్రైవేటు వైద్యులు ఉన్నారు. అంతకు మించిన వ్యవహారమైతే యాభై కిలోమీటర్ల దూరంలోని గుంటూరుకు పోవలసిందే. బందరు నుండి విజయవాడ డెబ్బది కిలోమీటర్లు. గుండెకో మూత్రపిండాలకో నిత్యం వైద్యం అవసరమైనవారు ఈ వ్యాసంలోని మిగిలిన భాగం చదువనక్కరలేదు, బందరుకే వెళ్ళవలసినది. ఉన్న ఊరిలో వైద్యం అందటం వేరు, దారి ఖర్చు పెట్టుకొని పోయి అందుకోవడం వేరు. మాకు ప్రస్తుతం ఉన్నవి రక్తపోటు, ఆవిడకు కొంచెం చక్కెర. వీటికి రెండు ఊళ్ళూ చాలు.

మూడవది ఏరు. దీనిని గురించి కొంత వివరంగా వ్రాయాలి, ఎందుకంటే తీరప్రాంతంలో ఇల్లు చూసేవారు గాలిని చూస్తారు, వెలుతురును చూస్తారు, నీటిని మాత్రం ఇంటివారి నోటి మాట మీద నమ్ముతారు.

కృష్ణ ఈ రెండు ఊళ్ళకూ దగ్గరలోనే సముద్రంలో కలిసినా, రెండు ఊళ్ళకూ నది లేదు. ఉన్నవి కాలువలు. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ కాలువలకు జీవం వచ్చింది. ఆ ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. తూర్పు డెల్టా కాలువల చివర బందరు, పశ్చిమ డెల్టా కాలువల చివర బాపట్ల. కాలువ చివరి భూమి అంటే ఏమిటో రైతును అడిగితే చెబుతాడు. పైవారు అందరూ తీసికొన్న తరువాత మిగిలినది మనది. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు, ముందుగా చెరువులలో నింపిపెట్టుకొన్న నీటితో పట్టణాలు నెట్టుకొని రావాలి. కనుక ఈ ఊళ్ళలో కుళాయి నీరు ఎలా ఉన్నదో పుష్యమాసంలో చూచి నిర్ణయించరాదు. వైశాఖంలో చూడాలి.

కాలువ పోగా మిగిలినది భూగర్భజలం. ఇక్కడ రెండు ఊళ్ళ నేలలు వేరు. బందరుది నల్లరేగడి, కొన్నిచోట్ల చౌడు. బోరు వేస్తే ఉప్పునీరు పడటం అక్కడివారికి వింత కాదు. ఆ నీరు గిన్నెలు తోముకోవడానికి పనికివస్తుంది, అన్నం వండుకోవడానికి పనికిరాదు. బాపట్ల నుండి చీరాల వరకు తీరం వెంబడి ఉన్నది ఇసుక నేల. వానాకాలంలో కురిసిన నీరు ఆ ఇసుకలోకి దిగి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద, పాల మీద మీగడ తేలినట్లు తేలి ఉంటుంది. ఇసుకలో నిలువెత్తు గొయ్యి తీస్తే తీయని నీరు ఊరుతుంది. ఆ గోతులనే దొరువులంటారు. పూర్వం రైతులు దొరువులలో నుండి కుండలతో ముంచి నారుమళ్ళకు, కూరపాదులకు పోసేవారు. బాపట్లలోని వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఆ పాత దొరువునే మెరుగుపరచి, ఇసుకలో అడ్డంగా గొట్టాలు పరచి నీటిని ఒక బావిలోకి చేర్చే పద్ధతిని రూపొందించారు. ఉన్న ఊరి తెలివిని గౌరవించిన శాస్త్రమంటే నాకు ఇష్టం, అందుకే ఇంత వ్రాశాను.

అయితే ఈ మీగడకు ఒక లెక్క ఉన్నది. మంచినీరు ఉప్పునీటి కంటె తేలిక. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచి ఉంటే, మట్టానికి దిగువన సుమారు నలభై అడుగుల వరకు మంచినీరు ఉంటుందని జలశాస్త్రజ్ఞులు చెబుతారు. దాని అర్థాన్ని తిరగవేసి చదవాలి. పైన ఒక అడుగు తోడివేస్తే అడుగున ఉప్పునీరు నలభై అడుగులు పైకి రావడానికి సిద్ధంగా ఉంటుంది. దొరువులో కుండతో ముంచినవాడికి ఈ ప్రమాదం లేదు. పెద్ద మోటారు పెట్టి లోతు నుండి లాగేవాడు తన బావినే కాక పొరుగువాడి బావినీ ఉప్పు చేస్తాడు. కనుక బాపట్లలో నేడు తీయగా ఉన్న నీరు రేపు కూడా తీయగా ఉంటుందని వాగ్దానం ఏమీ లేదు, జిల్లా ముఖ్యపట్టణమైన తరువాత మేడలు, వాటితోపాటు మోటార్లు పెరగకుండా ఉండవు. అయినా ఈ పరీక్షలో ఇప్పటికి బాపట్లకే మార్కులు వేస్తాను. అక్కడ చూచిన ఇంట్లో చేతిపంపు నీటితో పప్పు ఉడికించి చూచాము. ఉడికింది. ఉప్పునీటిలో కందిపప్పు ఉడకదు, ఇంతకంటె తేలికైన పరీక్ష లేదు.

నాలుగవది ద్విజుడు. ఆ కాలపు పద్యంలో ఆ మాట ఏ అర్థంలో పడినా, నేడు దానిని కులం మాటగా పట్టుకొని వ్రేలాడనక్కరలేదని నా అభిప్రాయం. నిఘంటువు చూస్తే పక్షి కూడా ద్విజమే, పన్ను కూడా ద్విజమే. రెండుసార్లు పుట్టేవన్నీ ద్విజములే. మా వయసులో మూడవ అర్థంలో ద్విజులు ఒక్కొక్కరే సెలవు తీసికొంటున్నారు గనుక మొదటి అర్థాన్ని విశాలం చేసికొని, చదువు వలన రెండవ జన్మ ఎత్తిన ప్రతివాడూ ద్విజుడే అని చెప్పుకొంటాను. అంటే మాట్లాడుకోవడానికి మనిషి కావాలి. చదువుకోవడానికి పుస్తకం కావాలి.

ఈ మాట వచ్చేసరికి నా మనసు బందరు వైపు పరుగెత్తుతుంది. తెలుగు చదువుకొన్నవాడికి అది క్షేత్రం వంటిది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు ఆ ఊరి హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు, విశ్వనాథ సత్యనారాయణగారు అక్కడ వారి శిష్యులు. ఒక బడిపంతులు తరగతి గదిలో నుండి అంతటి కవిపరంపర బయలుదేరిన ఊరు మరొకటి నాకు తెలియదు. 1902లో పుట్టిన కృష్ణాపత్రిక, దానిని దశాబ్దాల పాటు నడిపిన ముట్నూరి కృష్ణారావుగారు, కోపల్లె హనుమంతరావుగారు ప్రాణం పోసిన ఆంధ్ర జాతీయ కళాశాల, రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు పాఠం చెప్పిన నోబుల్ కళాశాల అన్నీ అక్కడివే. 1611లో ఇంగ్లీషువారు వర్తకానికి దిగినది అక్కడే. పారశీకంలో ఓడరేవుకు బందరు అని పేరు. ఊరి పేరే ఓడరేవు. ఆ పేరును నిజం చేయడానికి కొత్త రేవు పని 2023లో మొదలుపెట్టారు. ఆ రేవు పూర్తిగా నడిచిన నాడు బందరు అద్దెలు పింఛనుదారులకు అందుతవా అన్నది వేరే ప్రశ్న.

బాపట్లకు కూడా చరిత్ర తక్కువ లేదు. భావనారాయణస్వామి కోవెల వలన భావపురి అయి, బాపట్ల అయినదని పెద్దలు చెబుతారు. తెలుగువారికి వేరు రాష్ట్రం కావాలన్న కోరిక సభారూపం దాల్చిన ప్రథమాంధ్ర మహాసభ 1913లో జరిగినది ఆ ఊరిలోనే. 1945 నుండి అక్కడ వ్యవసాయ కళాశాల ఉన్నది. కాని సాహిత్యం పేరు చెప్పి బందరుతో పోటీకి నిలపగల పేర్లు బాపట్లకు తక్కువే అని ఒప్పుకోవాలి.

అయితే చరిత్ర వేరు, గ్రంథాలయం వేరు. చెళ్ళపిళ్ళవారు పాఠం చెప్పిన ఊరిలో ఉన్నంత మాత్రాన వారి పాఠం నాకు వినబడదు. వారి పుస్తకం నాకు కావాలి. ఆ పుస్తకం, ఆ నాటి పత్రికల పాత సంచికలు ఉన్నవి ఎక్కడ? వేటపాలెంలో. 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం తెలుగుదేశంలో పాత పత్రికలకు, పాత పుస్తకాలకు పుట్టినిల్లు వంటిది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పరిశోధకులు ఎక్కడెక్కడి నుండో వచ్చి అక్కడ దుమ్ము దులుపుకొంటారు. ఆ వేటపాలెం చీరాలను ఆనుకొని, ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే ఉన్నది. బాపట్లలో పాసింజరు ఎక్కితే చీరాల దాటగానే దిగవచ్చు. పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. బందరు ఘనతను గురించి చదువుకోవడానికి బాపట్లలో ఉండటమే సౌకర్యం అన్నది వినడానికి విచిత్రంగా ఉన్నా సత్యం.

ఇక్కడికి బద్దెనగారి నాలుగు పరీక్షలూ అయినవి. కాని ఆయన సముద్రతీరంలో కాపురం పెట్టేవారిని ఉద్దేశించి వ్రాసినట్లు లేదు, తుపాను ఆయన లెక్కలోకి రాలేదు. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన బందరును ముంచివేసి దాదాపు ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమలో జరిగినది మా తరం వారు మరువలేరు, పది వేలకు పైగా ప్రాణాలు పోయినవి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటినది బాపట్లకు దగ్గరలోనే. తుపాను విషయంలో ఈ ఊరు క్షేమం, ఆ ఊరు ప్రమాదం అని చెప్పడం తెలియనితనమే. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను తీవ్రతలో చిన్నది కాదు, కాని ముందుగా హెచ్చరించి జనాన్ని తరలించినందువలన ప్రాణనష్టం వేయికి లోపే ఆగింది. అంటే తుపానులో మనిషిని కాపాడేది సమయానికి ఇల్లు వదలి పోగలగడం. ఇల్లు చూసేటప్పుడు గోడల రంగు కాక, ఆ వీధిలో నీరు ఎంత ఎత్తు నిలిచిందో, మేడమీదికి మెట్లు ఎటు ఉన్నవో, రోడ్డు ఎంత దూరమో చూడాలి. కార్తీకమాసంలో ఒక వారం అద్దెగదిలో ఉండి చూచినవారికి ఇవి అడగకుండానే తెలుస్తవి.

ఇంతవరకు అయిన తరువాత కూడా మా ఇంట్లో త్రాసు సరిగా మొగ్గలేదు. వైద్యం బందరుకు, నీరు బాపట్లకు, సాహిత్యం అటూ ఇటూ. అప్పుడు మా శ్రీమతి ఒక ప్రశ్న అడిగింది. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

"ఏమండీ, మీరన్నవన్నీ మనిద్దరం ఉన్నప్పటి మాటలు. రేపు మీరు లేకపోతే ఆ చెళ్ళపిళ్ళవారి ఊళ్ళో నేనొక్కదాన్నీ ఏం చేయాలి?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. "నేను ముందు పోతే మీకు వంట రాదు, అది కూడా చూచుకోండి" అన్నది.

కటువుగా వినబడినా అది సరియైన ప్రశ్న. పదవీ విరమణ చేసిన దంపతులు ఊరిని ఎంచుకొనేటప్పుడు ఇద్దరినీ దృష్టిలో పెట్టుకొని ఎంచుకొంటారు. కాని ఆ ఊరిలో ఇద్దరూ కలిసి ఉండేది కొన్నేళ్ళు. ఆ పైన ఒక్కరే. ఆ ఒక్కరూ ఏ వయసులో, ఏ చూపుతో, ఏ మోకాళ్ళతో ఉంటారో అప్పుడు ఆ ఊరు ఎలా ఉంటుంది అన్నదే అసలు పరీక్ష. మనలో చాలామంది ఇళ్ళలో భర్త వయసులో పెద్దవాడు గనుక మిగిలేది తరచుగా భార్యే. అయినా ఊరిని నిర్ణయించేది భర్త, తన అభిరుచిని బట్టి, తన స్నేహితులను బట్టి. స్నేహితులు ఆయన దినవారాల వరకు వస్తారు. తరువాత రారు, వారి దోషం కూడా కాదు. ఊరు మాత్రం ఆమెకు మిగిలిపోతుంది.

కనుక ఐదవ పరీక్షను నేను ఇలా పెట్టుకొన్నాను. బండి నడపడం రాని ఒక పెద్ద మనిషి, తోడు లేకుండా, కాలినడకనో పది నిమిషాల ఆటోలోనో కూరల బజారుకు, మందుల దుకాణానికి, కోవెలకు, రైలుస్టేషనుకు పోయి రాగలదా? ఈ నాలుగు చోట్లలో స్టేషను అన్నిటికంటె ముఖ్యం. ఒంటరి మనిషికి రైలు అంటే ప్రయాణసాధనం మాత్రమే కాదు, కావాలంటే పోగలను అన్న ధైర్యం.

బందరు రైలుదారికి చివరి స్టేషను. గుడివాడ నుండి వచ్చిన శాఖ అక్కడ ఆగిపోతుంది. కొన్ని దూరప్రయాణపు బండ్లు అక్కడి నుండే బయలుదేరుతవి, కూర్చోవడానికి చోటు దొరకడం అందులోని సుఖం. కాని మా అమ్మాయి చెన్నైలో ఉన్నది. బందరు నుండి చెన్నైకి పోవాలంటే ముందు వెనుకకు విజయవాడ పోవాలి. బాపట్ల విజయవాడ–చెన్నై ప్రధాన మార్గం మీదనే ఉన్నది. రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి అమ్మాయి ఇంటి దగ్గర. అమ్మాయి శుక్రవారం రాత్రి ఎక్కితే శనివారం ఉదయానికి అమ్మ దగ్గర. ఊరు చిన్నది కావడం వలన బజారు, భావన్నారాయణస్వామి కోవెల, స్టేషను ఒకదానికొకటి అందుబాటులో ఉన్నవి. మేము వెళ్ళినప్పుడు ఆమెను నా తోడు లేకుండా ఈ నాలుగు చోట్లకూ పోయి రమ్మన్నాను. గంటన్నరలో వచ్చింది, దారిలో ఎవరితోనో పరిచయం కూడా చేసికొని వచ్చింది. బందరులో కూడా ఇదే పరీక్ష పెట్టాము. ఊరు పెద్దది, వీధులు దూరం, మూడుసార్లు ఆటో మారవలసి వచ్చింది. అదే బందరులో అక్కచెల్లెళ్ళో మేనకోడళ్ళో ఉన్న ఇల్లాలికి ఫలితం వేరుగా ఉండేది, మనుషులు ఉన్నచోట దూరాలు దగ్గరవుతవి.

దీనిని బట్టి అందరూ బాపట్లకే పోవాలని నేను చెప్పడం లేదు. విజయవాడలోనో హైదరాబాదులోనో పిల్లలున్నవారికి, తరచు ఆసుపత్రి అవసరమున్నవారికి, బందరులో బంధుబలగం ఉన్నవారికి బందరే సరియైన ఊరు. ఏ ఊరైనా సరే, మొదటి ఏడు అద్దెకు ఉండి చూడండి, వెంటనే కొనకండి. రేవు వలన ఒకచోట, జిల్లా కచేరీల వలన ఇంకొకచోట ధరలు మారుతున్నవి. వైశాఖంలో నీరు, కార్తీకంలో గాలి చూచిన తరువాతనే మాట ఇవ్వండి. అన్నిటికంటె ముందు, మీ ఇంట్లో ఆవిడను అడగండి, ఇల్లు నచ్చిందా అని కాదు, నేను లేకపోయినా ఇక్కడ ఉండగలవా అని. అడగడం కష్టమే. అడగకుండా ఇల్లు మారడం ఆమెకు తరువాత మరింత కష్టం.

మేము బాపట్లను నిర్ణయించుకొన్నాము. కోవెలకు రెండు వీధుల అవతల, మేడమీద వాటా. క్రిందివారి అబ్బాయి బెంగుళూరులోనే ఉన్నాడు. అద్దె కాగితం మీద ఆవిడ పేరు కూడా వ్రాయించాను, ఇంటివారు ఎందుకని అడిగారు, కారణం చెప్పాను, ఆయన కాసేపు మాట్లాడలేదు. చైత్రంలో దిగుతాము. ఆ ప్రాంతపు నీటిని గురించి, తుపాను రోజులను గురించి స్వానుభవం ఉన్న మిత్రులు తెలియజేస్తే కృతజ్ఞుడిని. వేటపాలెం గ్రంథాలయానికి వచ్చే పని పడినవారు మా ఇంట భోజనానికి రావలసినది. పప్పు మంచినీటిలో ఉడికినదే.